బెర్లిన్‌లో ఇల్లు: ముందు చిరునామా, తర్వాతే ఇల్లు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాద్ నుంచి నెలన్నరలో బెర్లిన్ వస్తున్నారు, ఉద్యోగం ఖాయమైంది, మీతో పాటు భార్య, నాలుగేళ్ల పాప. డెబ్భై ఇళ్లకు మెసేజ్ పెడితే ఒక్కటే జవాబు వచ్చింది. ఆ ఓనరు ప్రస్తుతం వేరే దేశంలో ఉన్నాడట. డిపాజిట్, రెండు నెలల అద్దె పంపితే తాళంచెవి కొరియర్ చేస్తానన్నాడట. పంపాలా వద్దా అని అడిగారు.

పంపకండి. ఆ మనిషి దగ్గర ఇల్లు లేదు. ఆ ఫోటోలు ఏ హోటల్ సైటులోవో, ఏ వేరే ఊరి ఇంటివో అయ్యుంటాయి. నేను 2015 నవంబరులో ఇక్కడికి వచ్చాను. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఈ కథ మారలేదు. ఉద్యోగం మీద లండన్ వెళ్లిన ఇంజినీరు, ఖాళీగా పడి ఉన్న అందమైన ఫ్లాట్, మార్కెట్లో సగం అద్దె, మీలాంటి మంచి కుటుంబానికే ఇవ్వాలన్న కోరిక. మధ్యలో పేరున్న బుకింగ్ సైటులా కనిపించే ఒక దొంగ లింకు. డబ్బు వెళ్లాక ఆ ఇంజినీరు ఫోన్ ఎత్తడు.

డబ్బు కంటే నాకు టెన్షన్ పెట్టింది మీరు చివర్లో రాసిన మాట: పాస్‌పోర్ట్ కాపీ ఇప్పటికే పంపేశారు. ఆ కాపీతో రేపు ఇంకెవరికో "నేనే ఓనరుని, ఇదిగో నా పాస్‌పోర్ట్" అని చెప్తారు. ఇంకో రకం కూడా ఉంది. "మీ గుర్తింపు సరిచూడాలి, వీడియో కాల్‌లోకి రండి" అంటారు. ఆ కాల్ నిజానికి ఏదో బ్యాంకు ఖాతా తెరిచే ప్రక్రియ. ఖాతా మీ పేరు మీద తెరుచుకుంటుంది, అందులో డబ్బు తిప్పేది వాళ్లు. కాబట్టి అతను అలాంటి లింకు పంపితే ముట్టుకోకండి. అతని మెసేజులన్నీ స్క్రీన్‌షాట్ తీసి దాచండి, ఆ ప్రకటనను సైటుకు రిపోర్ట్ చేయండి. ఇకమీదట ఎవరికి కాపీ పంపినా దాని మీద అడ్డంగా "ఫలానా ఇంటి దరఖాస్తుకు మాత్రమే" అని, తేదీ వేసి పంపండి. మీరో, మీకు తెలిసినవాళ్లో ఇంటిలోపల కాలు పెట్టి చూసేదాకా, కాంట్రాక్టు మీద రెండు సంతకాలు పడేదాకా ఒక్క యూరో కూడా కదలకూడదు.

ఇప్పుడు మీరు అడగని సంగతి. హైదరాబాద్‌లో కూర్చుని బెర్లిన్‌లో పర్మనెంట్ ఇల్లు వెతకడం ఈ రోజు నుంచే ఆపేయండి. మీ మెసేజుల్లో తప్పుంది, అది తర్వాత చెప్తాను. కానీ అవి ఎంత బాగా రాసినా ఫలితం ఇంతే. మంచి ఇంటి ప్రకటన పడ్డ గంటలోనే ఏజెంటు దగ్గరికి వందల మెసేజులు చేరతాయి. రేపు సాయంత్రం వచ్చి చూడగలిగే వాళ్లే అంతమంది ఉంటే, దేశంలోనే లేని మనిషిని ఎవరు పిలుస్తారు? ఇప్పుడు మీకు కావలసింది రెండు మూడు నెలలకు ఒక తాత్కాలిక వసతి. అది చిన్నదైనా, ఊరి చివరైనా, సోఫా చిరిగినా ఫరవాలేదు. అక్కడ మీ పేరు నమోదు చేసుకోనివ్వాలి, అంతే. దాన్నే ఇక్కడ అన్మెల్డుంగ్ అంటారు.

ఈ ఒక్క మాట తెలియక నేను పడ్డ అవస్థ చెప్తాను. నేను వచ్చిన ఆ నవంబరులోనే కొత్త నమోదు చట్టం అమల్లోకి వచ్చింది. ఇంటాయన సంతకం చేసిన ఒక కాగితం ఉంటేనే అన్మెల్డుంగ్ జరుగుతుంది. దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. పలకడం రాకపోయినా ఫరవాలేదు, అడగడం మాత్రం మరిచిపోవద్దు. నేను బెర్లిన్‌లోని వెడ్డింగ్ అనే పేటలో ఒకామె దగ్గర గది తీసుకున్నాను. ఆమే ఆ ఇంట్లో అద్దెకుంది, అసలు ఓనరుకు చెప్పకుండా నాకు గది ఇచ్చింది. కాగితం అడిగితే "అది కుదరదు, కావాలంటే ఖాళీ చెయ్యి" అంది. నిజానికి ఆ కాగితం ఇవ్వడం చట్టప్రకారం తప్పనిసరి. కానీ బయట మైనస్ నాలుగు డిగ్రీల చలిలో చట్టం మాట్లాడే ధైర్యం నాకు లేకపోయింది. నమోదు లేకపోయేసరికి పన్ను నంబరు పోస్టులో రాలేదు. అది లేక జీతంలోంచి ఎక్కువ పన్ను పట్టారు, తర్వాత ఎప్పుడో సర్దుబాటైంది. బ్యాంకు ఖాతా ఆలస్యమైంది. ఆ ఖాతా లేక, మన సిబిల్ లాంటి షూఫా లేక ఇంటి దరఖాస్తులు ముందుకు కదల్లేదు. తలుపుకు తాళం వేసి తాళంచెవి లోపల మరిచిపోయినట్టు నాలుగు నెలలు తిరిగాను.

కాబట్టి తాత్కాలిక వసతికి రాసేటప్పుడు మీ మొదటి ప్రశ్న "అన్మెల్డుంగ్ కుదురుతుందా, ఆ కాగితం ఇస్తారా" అన్నదే కావాలి. వైఫై, బాల్కనీ ఆ తర్వాత. అద్దెకున్నవాళ్లే మీకు తిరిగి అద్దెకిస్తుంటే, అసలు ఓనరు ఒప్పుకున్నట్టు రాతలో చూపించమనండి. ఫర్నిచర్‌తో నెలల లెక్కన ఇచ్చే అపార్ట్‌మెంట్లు ఖరీదెక్కువ. అవే గోడలకు మామూలు అద్దె కంటే ఒకటిన్నర రెట్లు కట్టిన రోజులున్నాయి నాకు. మీ కంపెనీ హెచ్చార్‌ను ఈ వారమే అడగండి, చాలా కంపెనీలు మొదటి నెలో రెండు నెలలో వసతి ఇస్తాయి. అడగనివాళ్లకు వాళ్లంతట వాళ్లు చెప్పరు. అక్టోబరులో యూనివర్సిటీలు మొదలవుతాయి గనక ఆ ముందు నెలంతా గదులకు కొట్లాటే. జులై, ఆగస్టు, క్రిస్మస్ సమయాల్లో మాత్రం సెలవులకు వెళ్లేవాళ్లు నాలుగైదు వారాలకు ఇళ్లు ఇస్తుంటారు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి తమ్ముడూ. కుదిరితే ముందు మీరొక్కరే రండి. భార్యనూ పాపనూ రెండు నెలల తర్వాత తెచ్చుకోండి. ఒంటరిగా ఉంటే రోజుకు మూడు ఇళ్లు చూడొచ్చు, రాత్రి బ్రెడ్డు తిని పడుకోవచ్చు. పాపతో ఒకే గదిలో ఇరుక్కుంటే రెండో వారానికే ఏదో ఒక ఇల్లు చాలనిపిస్తుంది. ఆ తొందరలో సంతకం పెట్టి ఏడాది పొడవునా బాధపడ్డ వాళ్లు నాకు ముగ్గురు తెలుసు.

అసలు ఇంత కరువు ఎందుకు? జనం పెరిగారు, కట్టడాలు చాల్లేదు. అది అందరూ చెప్పేదే. నాకు అర్థమైన కారణం ఇంకోటి. బెర్లిన్‌లో అత్యధికులు అద్దె ఇళ్లలోనే ఉంటారు. మామూలు అద్దె కాంట్రాక్టుకు ముగింపు తేదీ ఉండదు. తానే వచ్చి ఉండాలనో, మీరు అద్దె ఎగ్గొట్టారనో గట్టి కారణం ఉంటే తప్ప ఓనరు ఖాళీ చేయించలేడు. అద్దె పెంపుకూ హద్దులున్నాయి. 2024లో నగరం వేసిన అధికారిక అద్దెల పట్టికలో సగటు చదరపు మీటరుకు 7.21 యూరోలు. ప్రకటనల్లో మీకు కనబడేది దానికి రెట్టింపు పైమాటే. మరి పాత అద్దెలో ఉన్నవాడు ఎందుకు కదులుతాడు? పిల్లలు పెళ్లి చేసుకుని వెళ్లిపోయినా ముసలి దంపతులు నాలుగు గదుల ఇంట్లోనే ఉంటారు, ఎందుకంటే రెండు గదుల కొత్త ఇంటికి అంతకంటే ఎక్కువ కట్టాలి. అందుకే ఇళ్లు ఉన్నా అద్దెకు రావు.

ఖజానా ఖాళీగా ఉన్న 2004లో నగరం తన సొంత గృహ సంస్థ ఒకదాన్ని, 65 వేల పైచిలుకు ఇళ్లతో సహా, సుమారు 40 కోట్ల యూరోలకు అమ్మేసుకుంది. దాని గురించి ఇక్కడి వాళ్లు ఇప్పటికీ చేతులు నలుపుకుంటారు. తర్వాత 2020 ఫిబ్రవరిలో అద్దెలకు మూత వేస్తూ చట్టం తెచ్చారు, 2021 ఏప్రిల్‌లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ఆ మధ్య కాలంలో నేను ఇల్లు వెతికాను. కాంట్రాక్టులో రెండు అద్దెలు రాసేవారు: ఇప్పుడు కట్టేది, కోర్టు కొట్టేస్తే కట్టాల్సింది.

ఇక ప్రకటన చదవడం. మనవాళ్లందరూ ఒక చోట తప్పక పడతారు, అది గదుల లెక్క. ఇక్కడ రెండు గదులంటే హాలు, ఒక బెడ్‌రూం. వంటగది, బాత్‌రూం లెక్కలోకి రావు. మన డబుల్ బెడ్‌రూం ఇల్లు ఇక్కడ మూడు గదులు. మీరు డెబ్భై మెసేజులూ "2 గదులు" అని వెతికి పెట్టారు. అంటే మీకు తెలియకుండానే సింగిల్ బెడ్‌రూం ఇళ్లకు పోటీపడ్డారు, ముగ్గురున్న కుటుంబంగా. ఓనరు పక్కన పెట్టడానికి అదొక్కటి చాలు. ఇంకో పక్క విస్తీర్ణం చూసి భయపడకండి. 70 చదరపు మీటర్లంటే 750 చదరపు అడుగుల పైన. హైదరాబాద్‌లో 1200 అని అమ్మే ఫ్లాట్‌లో లిఫ్టు వాటా, కారిడార్ వాటా కూడా కలిపేస్తారు. ఇక్కడ గోడల లోపల కొలుస్తారు, బాల్కనీని సాధారణంగా నాలుగో వంతే లెక్కిస్తారు.

అద్దెలో కాల్ట్, వార్మ్ అని రెండుంటాయి. కాల్ట్ అంటే ఒట్టి గోడల అద్దె. దానికి నీళ్లు, చెత్త, మెట్లు తుడవడం, హీటింగ్ కలిపితే వార్మ్. ఉదాహరణకు 75 చదరపు మీటర్ల ఇంటికి కాల్ట్ 1200, ఖర్చులు 280 అనుకోండి, వార్మ్ 1480. కరెంటు, ఇంటర్నెట్ మీరు వేరే పెట్టుకోవాలి. టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికి నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము ఉంటుంది, ఆ ఉత్తరం చూసి మోసమనుకుని చెత్తబుట్టలో పడెయ్యకండి. ఆ 280 కూడా అంచనా మాత్రమే. ఏడాది తిరిగాక అసలు లెక్క వస్తుంది, ఎక్కువ వాడితే కట్టాలి, తక్కువ వాడితే తిరిగొస్తుంది. ఇంట్లో సొంత గ్యాస్ బాయిలర్ ఉంటే హీటింగ్ ఈ 280లో ఉండదు. గ్యాస్ కాంట్రాక్టు మీరే తీసుకోవాలి. వార్మ్ అద్దె మరీ తక్కువగా కనిపించిన చోటల్లా ఈ ప్రశ్న అడగండి. గ్యాస్ ధరలు మండిన 2022 చలికాలంలో అలాంటి ఇంట్లో ఉన్న మా స్నేహితులు స్వెట్టర్లు వేసుకుని పడుకున్నారు.

డిపాజిట్ మూడు నెలల కాల్ట్ అద్దెకు మించకూడదు. దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది, మొదటిది ఇంట్లోకి దిగేటప్పుడు. పై లెక్కలో 3600 డిపాజిట్, మొదటి నెల చేతిలోంచి పోయేది 1480, ఇంకో 1200. బ్రోకరు కమిషన్ ఎవరు పిలిపించుకుంటే వాళ్లే కట్టాలని 2015లో చట్టం చేశారు. అంటే ఓనరు పెట్టుకున్న ఏజెంటు మిమ్మల్ని ఒక్క సెంటు అడగకూడదు. వార్మ్ అద్దె మీ చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటితే ఓనర్లు అనుమానంగా చూస్తారు, మీ బడ్జెట్‌కు అదే గీత అనుకోండి.

సరే, దిగారు, నమోదైంది. ఇప్పుడు వేట. ఇమ్మోస్కౌట్, క్లైన్‌ఆన్‌త్సైగెన్, గదులకైతే వేగే-గెజూఖ్ట్, అందరూ చూసే సైట్లు ఇవే. దాంతో పాటు నగరం ఆధ్వర్యంలోని ఆరు గృహ సంస్థలు, డెగెవో, గెసోబావు, గెవోబాగ్, హోవోగె, ష్టాట్ ఉంట్ లాండ్, డబ్ల్యూబీఎం, తమ ఖాళీలన్నీ ఇన్‌బెర్లిన్‌వోనెన్ అనే ఒకే సైటులో పెడతాయి. ఇక్కడ అద్దెలు నయం, దగా ఉండదు. చాలా ఇళ్లకు తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే డబ్ల్యూబీఎస్ అనే సర్టిఫికెట్ అడుగుతారు, మీ జీతానికి అది వస్తుందో రాదో చూసుకోండి. అది అడగని ఇళ్లకు మాత్రం ప్రకటన పడ్డ అయిదు నిమిషాల్లో పంపితేనే లెక్కలోకి వస్తారు. ఫోన్‌లో అలర్ట్ పెట్టుకోండి, మీటింగ్‌లో ఉన్నా సరే. మీ మేనేజరు కూడా ఒకప్పుడు ఇదే పని చేసి ఉంటాడు.

మీ మెసేజ్ మీరు అతికించారు గనక చెప్తున్నాను: "హాయ్, ఇల్లు ఖాళీగా ఉందా? నాకు ఆసక్తి ఉంది. వివరాలు పంపగలరు." వివరాలు ప్రకటనలోనే ఉన్నాయి. ఏజెంటుకు కావలసింది మీ వివరాలు. జర్మన్‌లో, నాలుగు వాక్యాలు చాలు. ప్రకటనలో ఏజెంటు పేరుంటే ఆ పేరుతో గౌరవంగా మొదలుపెట్టండి. తర్వాత, మేం ముగ్గురం, నేను ఫలానా పని చేస్తున్నాను, కాంట్రాక్టు పర్మనెంట్, చేతికి ఇంత వస్తుంది. సిగరెట్ లేదు, పెంపుడు జంతువులు లేవు, ఫలానా తేదీ నుంచి దిగగలం. కాగితాలన్నీ సిద్ధం, ఈ వారం ఏ రోజైనా చూడ్డానికి రాగలను. ఇంగ్లిషులో రాస్తే తప్పేం లేదు, కానీ ఏజెంటు వందలో ఇరవై తెరిచినప్పుడు మీది ఆ ఇరవైలో ఉండదు. మన పేర్లు చూసి పక్కన పెట్టేవాళ్లూ ఉన్నారు. చట్టం ఒప్పుకోదు, అయినా ఉన్నారు. ఒకే ఇంటికి నేను పంపితే మౌనం, ఒక జర్మన్ కొలీగ్ పంపితే మర్నాడే పిలుపు వచ్చింది. దాన్ని మనసులో పెట్టుకుని కుంగిపోతే సాయంత్రం ఇంకో పది మెసేజులు పంపలేం.

ఫైలు ఒకే పీడీఎఫ్‌గా ఉంచండి. ఉద్యోగ కాంట్రాక్టు, చివరి మూడు జీతం స్లిప్పులు, పాస్‌పోర్ట్, వీసా, దరఖాస్తు ఫారం, పాత ఇంటి ఓనరు "అద్దె బాకీ లేదు" అని ఇచ్చిన ఉత్తరం, షూఫా. షూఫా అంటే మన సిబిల్ లాంటిది. అద్దెకోసం ఇచ్చే సర్టిఫికెట్‌కు సుమారు 30 యూరోలు తీసుకుంటారు. చట్టప్రకారం ఉచితంగా ఒక కాపీ కూడా అడగొచ్చు గానీ అందులో మీ బ్యాంకు వివరాలన్నీ ఉంటాయి, దాన్ని ఓనర్లకు ఇవ్వకండి. కొత్తగా వచ్చినవాళ్లకు షూఫాలో ఏమీ ఉండదు, ఏమీ లేకపోవడం మచ్చ కాదు. జీతం స్లిప్పు ఇంకా రాకపోతే కంపెనీ లెటర్‌హెడ్ మీద జీతం, చేరిన తేదీ రాయించుకోండి. ఇవన్నీ మొదటి మెసేజుతో పంపే అవసరం లేదు. ఇల్లు చూసి నచ్చాకే.

ఇల్లు చూసే రోజు గురించి. 2017లో ఫ్రీడ్రిఖ్స్‌హైన్‌లో ఒక ఇల్లు చూడ్డానికి వెళ్లాను. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. క్యూ గుమ్మంలోంచి మెట్ల మీదుగా దిగి వీధిలోకి వచ్చి పక్కనున్న బేకరీ దాకా పోయింది. సర్వదర్శనం క్యూలో నిలబడి పెరిగినదాన్ని కాబట్టి నాకు ఓపిక తక్కువ కాదు. నా వెనకున్న కుర్రాడు ఏజెంటుకిద్దామని ఇంట్లో చేసిన కేకు డబ్బాలో పెట్టుకొచ్చాడు. అతనికి ఇల్లు వచ్చిందో లేదో తెలీదు, నాకైతే రాలేదు. అలాంటి చోట మీ చేతిలో రెండు నిమిషాలే ఉంటాయి. ఏజెంటు పేరు పెట్టి పలకరించి, వచ్చిన నాలుగు జర్మన్ ముక్కలు మాట్లాడి, ఒక అర్థవంతమైన ప్రశ్న అడిగి, ఆ సాయంత్రమే ఫైలు పంపండి. మర్నాటికి వాయిదా వేస్తే అప్పటికే మూడు ఫైళ్లు ఓనరు టేబుల్ మీద ఉంటాయి.

నిజానికి నా మూడో ఇల్లూ, నాలుగో ఇల్లూ క్యూలో నిలబడి దొరికినవి కావు. ఖాళీ చేసేవాళ్లకు మూడు నెలల నోటీసు ఉంటుంది. తొందరగా బయటపడాలనుకునేవాళ్లు తమ బదులు ఇంకొకరిని ఓనరుకు చూపిస్తారు, ఆ మనిషిని నాఖ్‌మీటర్ అంటారు. ఓనరు ఒప్పుకోవాలని లేదు, కానీ తనకూ శ్రమ తగ్గుతుంది గనక తరచూ ఒప్పుకుంటాడు. ఆఫీసు చాట్‌లో, తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో, ఉగాదికీ బతుకమ్మకీ కలిసినప్పుడు, పాప ప్లేస్కూల్ తల్లిదండ్రుల మధ్య "మూడు గదులు వెతుకుతున్నాం" అని సిగ్గుపడకుండా చెప్పండి. ఒక్కటే జాగ్రత్త. వెళ్లేవాళ్లు తమ కిచెన్, బీరువాలు మీకు అమ్ముతారు. అది మామూలే. ఏయే వస్తువులు, ఎంతకు అన్నది రాసుకుని, ఇంటి కాంట్రాక్టు మీ చేతికొచ్చాకే డబ్బివ్వండి.

కిచెన్ అన్నాను కదా, దాని సంగతి. ఇక్కడ ఖాళీ ఇల్లంటే నిజంగా ఖాళీ. బెర్లిన్‌లో సాధారణంగా ఒక పొయ్యి, ఒక సింకు ఉంటాయి. అలమరలు, ఫ్రిజ్, చిమ్నీ ఉండవు. ప్రకటనలో ఈబీకే అని మూడక్షరాలు కనబడితే కిచెన్ అమర్చి ఉందని అర్థం. సీలింగ్‌లో దీపాలు కూడా ఉండవు. వైర్లు వేలాడుతుంటాయి, అంతే.

మనవాళ్లు చూడాల్సినవి ఇంకో రెండున్నాయి, జర్మన్ చెక్‌లిస్టుల్లో కనబడవు. మొదటిది బాత్‌రూం నేల. చాలా ఇళ్లలో నేల మీద నీళ్లు పోయే రంధ్రం ఉండదు. నీళ్లు టబ్బులోనో షవర్ గూటిలోనో మాత్రమే పడాలి. మా అమ్మ మొదటిసారి గుంటూరు నుంచి వచ్చినప్పుడు, పండగ కదా అని బాత్‌రూం నేల మీద రెండు బకెట్లు గుమ్మరించి చీపురుతో కడిగింది. అరగంటకు కింది ఇంటావిడ తలుపు కొట్టింది, ఆమె సీలింగ్ మీద పళ్లెమంత మరక. మాకు బాధ్యతా బీమా, ఇక్కడ హాఫ్ట్‌ఫ్లిఖ్ట్ అంటారు, ఉండబట్టి బతికిపోయాం. ఏడాదికి కొద్ది ఖర్చే, ఇంటికంటే ముందు అది తీసుకోండి. రెండోది వంటగది కిటికీ. కొన్ని ఇళ్లలో వంటగదికి కిటికీ ఉండదు, హాలుకే కలిసి ఉంటుంది. పాత ఇళ్లలో కూడా 2021 నుంచి పడకగదుల్లో, హాల్లో, వాటి మధ్య నడవాలో పొగ అలారం తప్పనిసరి. ఎండుమిర్చి పోపు దానికి బాగా తెలుసు. తేమ బయటికి పోకపోతే చలికాలంలో గోడలు బూజు పడతాయి. రోజుకు రెండు మూడుసార్లు కిటికీలన్నీ బార్లా తీసి అయిదు నిమిషాలు ఉంచమని కాంట్రాక్టులోనే రాస్తారు. చూడ్డానికి వెళ్లినప్పుడు మంచం పెట్టే మూలల్లో, కిటికీ చుట్టూ గోడ రంగు మారిందేమో చూడండి. కొత్తగా ఒక్క గోడకే సున్నం వేసి ఉంటే కారణం అడగండి.

పాత భవనాలకు వెనకవైపు లోపలి ఇళ్లుంటాయి, హింటర్‌హౌస్ అంటారు. నిశ్శబ్దంగా ఉంటాయి, కాస్త చవక. కానీ కింది అంతస్తయితే వెలుతురు ఉండదు. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. ఆ ఇళ్లలో మధ్యాహ్నం కూడా దీపం వేసుకునే అన్నం తినాలి. ఎండలో పెరిగిన మనం దాన్ని తక్కువగా అంచనా వేస్తాం.

ఏ ఏరియా అని అడిగారు. మన ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లయితే ఇక్కడి రింగు 37 కిలోమీటర్ల రైలు మార్గం. గంటలో ఊరి చుట్టూ తిరిగొస్తుంది. అందరూ ఆ రింగు లోపలే కావాలంటారు. మీరు బయటే వెతకండి. లిఖ్టెన్‌బెర్గ్, కార్ల్స్‌హోర్స్ట్, టెంపెల్‌హోఫ్, ష్టెగ్లిట్స్, రైనికెన్‌డోర్ఫ్, ష్పాండావు. ఇవన్నీ బీ జోన్‌లోనే, అంటే నగరం హద్దుల్లోపలి టికెట్ జోన్‌లోనే, ట్రాములు గానీ బస్సులు గానీ ఉంటాయి, పిల్లలకు పార్కులున్నాయి. కిలోమీటర్లు చూడకండి, ఇంటి నుంచి ఆఫీసుకు రైలు ఎన్నిసార్లు మారాలో చూడండి. ఒక్క రైల్లో నలభై నిమిషాలు పుస్తకం చదువుకుంటూ పోవచ్చు. రెండు మార్పులతో ముప్పై నిమిషాలు జనవరిలో నరకం. పాపకు నాలుగేళ్లు గనక ఇప్పుడు కీటా, అంటే ప్లేస్కూల్. 2018 ఆగస్టు నుంచి బెర్లిన్‌లో దానికి ఫీజు లేదు, భోజనానికి నెలకు 23 యూరోలు. సీటు దొరకడమే కష్టం, దానికీ చిరునామా కావాలి. రెండేళ్లలో బడి. ప్రాథమిక బడిని ఇంటి చిరునామాను బట్టే కేటాయిస్తారు, కాబట్టి ఇల్లు ఖాయం చేసేముందు ఆ వీధి ఏ బడి కిందికి వస్తుందో చూసుకోండి.

కాంట్రాక్టు వచ్చాక ఒక రాత్రి దగ్గర పెట్టుకోండి. చూడాల్సింది: ముగింపు తేదీ ఉందా, అద్దె ఏటా మెట్లు మెట్లుగా పెరుగుతుందా, ధరల సూచీతో పాటు పెరుగుతుందా, కొన్నేళ్లదాకా మీరు ఖాళీ చేయకూడదన్న షరతు ఉందా. అద్దె అన్యాయంగా ఎక్కువనిపిస్తే సంతకానికి ముందు వాదించకండి, ఇల్లు పక్కవాడికి పోతుంది. 2014 అక్టోబరు తర్వాత మొదటిసారి అద్దెకిచ్చిన కొత్త ఇళ్లను మినహాయిస్తే, కొత్త అద్దె ఆ ప్రాంతపు పట్టిక కంటే పది శాతానికి మించకూడదన్న నిబంధన బెర్లిన్‌లో 2015 నుంచి ఉంది. బాగా బాగుచేసిన ఇళ్లకూ, అంతకుముందే ఎక్కువ అద్దె ఉన్న ఇళ్లకూ మినహాయింపులున్నాయి. దిగాక అద్దెదారుల సంఘంలో చేరి లెక్క వేయించండి. దిగిన రెండున్నరేళ్లలోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్తే మొదటి నుంచి ఎక్కువ కట్టింది వెనక్కి అడగొచ్చు.

తాళాలు ఇచ్చే రోజు ఒక కాగితం రాస్తారు, గీతలు, పగుళ్లు, మీటరు రీడింగులు అన్నీ. మొహమాటపడకండి. రెండో ఇంట్లో నేల చెక్క మీద గీతను "చిన్నదే కదా" అని వదిలేశాను. మూడేళ్ల తర్వాత ఖాళీ చేసేటప్పుడు ఆ గీతకు 280 యూరోలు డిపాజిట్లో కోశారు. ఆ తర్వాతి ఇంట్లో ఫోన్ టార్చి వేసి మోకాళ్ల మీద తిరిగి అరవై మూడు ఫోటోలు తీశాను. ఏజెంటు నవ్వాడు, నవ్వనివ్వండి.

ఆ రోజు సంచిలో రెండు బల్బు హోల్డర్లు, రెండు బల్బులు, ఒక స్క్రూడ్రైవర్, ఒక టెస్టర్ పెట్టుకోండి, లేకపోతే మొదటి రాత్రి ఫోన్ వెలుతురులో పడుకోవాలి. ఇంకా ఒక తెల్ల స్టిక్కరు, మార్కరు. ఇక్కడ సాధారణంగా ఫ్లాట్ నంబర్లు ఉండవు. పోస్ట్‌మ్యాన్ డబ్బా మీద ఇంటిపేరు చూసి ఉత్తరం వేస్తాడు, పేరు లేకపోతే వెనక్కి పంపేస్తాడు. తాత్కాలిక ఇంట్లో కూడా దిగిన రోజే డబ్బా మీద మీ పేరు అంటించండి. పన్ను నంబరు ఆ డబ్బాలోకే వస్తుంది.